పేతురు కుడికాలు

డెబ్బై నాలుగులో ఈస్టర్ ఏప్రిల్ మధ్యలో వచ్చింది. తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడు, నుదుటి మీద బూడిద గుర్తు ఇంకా చెరగకుండానే, శిల్పి మార్క్వార్ట్ గారు రొట్టెల కొట్టువాళ్ల వ్యాను అరువు తెచ్చుకుని, అందులో యేసు ప్రభువునీ పేతురునీ పడుకోబెట్టుకుని మా వాకిట్లో దిగారు. గతుకులకి విరగకుండా ఇద్దరి కిందా పాత పరుపులు వేశారు. పైన దుప్పటి కప్పారు. మా అమ్మ కిటికీలోంచి చూసి, ఎవరో జబ్బుమనుషుల్ని తీసుకొచ్చారనుకుని కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

మాది కంచు పోత పోసే ఇల్లు. రైన్ నది దిగువన, మా తాత కట్టిన షెడ్డు, దాన్ని ఆనుకుని మేముండే నాలుగు గదులు. శిల్పులు మైనంతో బొమ్మ చేసి తెస్తారు. మా నాన్న లూట్‌గర్ రెన్సింగ్ దాని చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి పోగొట్టి, ఆ ఖాళీలో కంచు పోస్తాడు. పోసినదాన్ని చెక్కి, సానబెట్టి, మనిషి చర్మంలా నునుపు చేసేది నేను. నా పేరు మెఖ్‌తిల్డ్, ఇంట్లో తిల్డా. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు.

దుప్పటి తీసి చూస్తే బొమ్మ నడుమెత్తు ఉంది. పేతురు పీట మీద కూర్చున్నాడు. ప్రభువు నడుముకి తువ్వాలు చుట్టుకుని మోకాళ్ల మీద వంగి, రెండు చేతులూ చాపి ఆయన పాదం అందుకుంటున్నాడు. కడపటి భోజనం రోజు గురువే శిష్యుల కాళ్లు కడిగిన ఘట్టం. పేతురు మొహం చూసి నాకు నవ్వాగలేదు. ఇంటికొచ్చిన చుట్టం లేచి గిన్నెలు కడుగుతానంటే ఇంటావిడ పెట్టే మొహం అది. అంతా బాగానే ఉంది గానీ, పేతురు కుడికాలు చీలమండ దగ్గర ఆగిపోయింది. ప్రభువు చేతుల్లో ఏమీ లేదు.

"పాదం దారిలో పడిపోయిందా?" అన్నాడు నాన్న.

"దారిలో కాదు, నా చెత్తబుట్టలో పడింది," అన్నారు మార్క్వార్ట్ గారు. డెబ్బై ఏళ్ల ఆవిడ, మాట మాత్రం చిల్లుపెట్టేలా ఉంటుంది. "ఎనిమిది పాదాలు చేశాను. ఎనిమిదీ బ్యాంకు గుమస్తా కాళ్లలా వచ్చాయి. చేపలు పట్టి బతికినవాడి కాలు కావాలి నాకు. ముందు దీన్ని పోసెయ్యండి. పాదం తర్వాత విడిగా పోసి అతుకుదాం."

మా దగ్గర పనిచేసే ఆర్నో వెంటనే ఒక బూటు ఊడదీశాడు. "నాది చూడండి మేడమ్. మొన్నాదివారం రెండు గోల్స్ కొట్టింది."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూశారు. "ఇది బంతి కోసం పుట్టిన కాలు నాయనా. ముందు మేజోడు తొడుక్కో, మైనం కరిగిపోయేలా ఉంది." తర్వాత నాన్న కుంటుతూ వేసే అడుగు వైపు చూపు తిప్పారు. "మీ కాలో, రెన్సింగ్ గారూ?"

"నా కాలు బూటులోనే ఉంటుంది," అని నాన్న లోపలికి వెళ్లిపోయాడు.

ఆ కాలు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. దాచి తర్వాత చెప్పడానికి ఇదేం గొప్ప రహస్యం కాదు, నా తప్పు.

మూడేళ్ల కిందట ఒక పోత రోజున, కరిగిన కంచు మీద తేలే తెట్టు తీసే పని మొదటిసారి నాకిచ్చారు. తెట్టు తీసే ఇనప గరిటెని ముందు గంటసేపు కొలిమి అంచున కాల్చి ఉంచాలి. చల్లటి ఇనుము మీద కంటికి కనబడనంత తడి ఉన్నా చాలు, కంచులో పెట్టగానే ఆవిరై పేలుతుంది. ఇది మా ఇంట్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆ రోజు కాలిన గరిటె పిడి ఊడింది. నేను కంగారులో గోడకి వేలాడుతున్న ఇంకో గరిటె లాగి ముంచేశాను. కంచు ఎగిరి నాన్న కుడి బూటులో పడింది. నాన్న అప్పుడు వంగి, కరిగిన కంచు ఉన్న మూసని మోసే కడ్డీ వలయం సరిచేస్తున్నాడు, ఎవరు ముంచారో చూడలేదు. నేను కొయ్యబారి నిలబడితే మా బాబాయి వెండెలిన్ నా చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. ఆస్పత్రిలో నాన్న ఎవరని అడిగితే, "నేనే అన్నయ్యా" అన్నాడు.

ఆడపిల్లని కొలిమి దగ్గర నిలబెడతావా అని ఊళ్లో పోతపనివాళ్లంతా నాన్నని ఎగతాళి చేస్తున్న రోజులవి. నేనే అని తెలిస్తే మళ్లీ ఆ గుమ్మం తొక్కనివ్వరని బాబాయి లెక్క. తనకైతే రెండు నెలలు తిట్లు, తర్వాత మామూలే అనుకున్నాడు. నాన్న కోపం రెండు నెలల రకం కాదు. ముప్పై ఏళ్లు మూస మోసినవాడు చల్ల గరిటె ముంచుతాడా, వాకిట్లోంచి నడువు అన్నాడు. బాబాయి నడిచాడు. మా ఊరి చర్చిలో గంటలు కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి, నేల తుడిచే పనిలో చేరాడు. నేను నోరు మూసుకున్నాను. మొదట భయంతో, తర్వాత సిగ్గుతో, ఆ తర్వాత అలవాటుగా.

ప్రతి శనివారం అమ్మ బాబాయికి ఒక డబ్బాలో సూపు పంపేది. తీసుకెళ్లేది నేను. ఆ డబ్బా ఎక్కడికెళ్తుందో నాన్న ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం మూత తీసి చూసి, "ఇంత పల్చగానా?" అని అమ్మని కసిరాడు.

*

మార్చి మొదటి వారంలో ఒక దీపపు సెమ్మె పోశారు. మూస మోసేటప్పుడు కడ్డీకి చెరోవైపు ఇద్దరు ఉండాలి, ఇద్దరి అడుగూ ఒకటై పడాలి. నాన్న కుంటుతాడు. ఆర్నో పొడుగు మనిషి, సైనికుడిలా నిటారుగా నడుస్తాడు. రెండడుగులకొకసారి మూస ఊగింది. పోసేటప్పుడు ధార ఒక్క క్షణం తెగింది. అచ్చు పగలగొట్టి చూస్తే సెమ్మె మధ్యలో బీట ఉంది.

మార్క్వార్ట్ గారు ఆ బీట మీద గోరు పెట్టి రాశారు. ఆ చెయ్యి వణకడం నేను అప్పుడే గమనించాను.

"మీకు ఒక సంగతి చెప్పాలి రెన్సింగ్ గారూ. నేను బంకమట్టితో చేసి నకలు తీయలేదు. నేరుగా మైనంలోనే చేశాను. ముసలిదాని మొండితనం. ఇది పోతే ఇంకోటి లేదు. ఈ చేతులతో మళ్లీ చెయ్యలేను."

"పోదు," అన్నాడు నాన్న.

"పోయినసారి నా పని పోసినప్పుడు మీతో మీ తమ్ముడున్నాడు. ఆయన్ని పిలవండి."

"ఆ మనిషి చెయ్యి ఈ వాకిట్లో పడదు. ఆర్నోకి అడుగు నేను నేర్పుతాను."

నేర్పడం మొదలైంది. రోజూ పొద్దున్నే మూసలో ఇసుక పోసుకుని ఇద్దరూ వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాళ్లు. "కాలు చూడకు, నన్ను చూడు" అనేవాడు నాన్న. "మిమ్మల్ని చూస్తే నవ్వొస్తోంది" అనేవాడు ఆర్నో. అమ్మ రొట్టె కోస్తూ కిటికీలోంచి చూసి, "సగం ఇసుక దారిలోనే పోస్తున్నారు. పేతురు తలకాయ వరకైనా వస్తాడో రాడో" అని గొణిగింది.

ఈలోగా పని ఆగలేదు. మైనం బొమ్మకి కంచు దిగే దారులూ గాలి పోయే దారులూ పెట్టాం. ఇటుకపొడీ సున్నమూ కలిపిన ముద్దని పొరలు పొరలుగా మెత్తి పెద్ద పీపా అంత అచ్చు కట్టాం. దాన్ని బట్టీలో పెట్టి ఆరు రోజులు కాల్చాం. మైనమంతా కరిగి కారిపోయింది. ఇక అక్కడ పేతురూ లేడు, ప్రభువూ లేడు. ఇద్దరి ఆకారంలో ఖాళీ ఒక్కటే మిగిలింది. దాన్ని నింపడానికి ఒకటే పోత, ఇరవై అడుగుల నడక.

ఆ శనివారం సూపు డబ్బా పట్టుకుని చర్చికి వెళ్లాను. బాబాయి బలిపీఠం మెట్ల మీద కూర్చుని, చాకుతో దీపస్తంభాల మీది మైనం గోకుతున్నాడు.

"ఉల్లిపాయ దట్టించింది మీ అమ్మ," అన్నాడు మూత తియ్యకుండానే. "ఇవాళ ఫాదర్ నా పక్కన నిలబడరు."

"బాబాయ్, నాన్నకి చెప్పేస్తాను."

చాకు ఆగింది. "ఏం చెప్తావు?"

"తెలుసుగా."

"చెప్పుకోవాలనుంటే పాపసంకీర్తనం పెట్టె అదిగో, వెళ్లి ఫాదర్‌కి చెప్పుకో."

"చెప్పాను. మూడు ఈస్టర్లకీ మూడుసార్లు చెప్పాను. పోయిన ఏడాది ఆయన, 'ఇది మళ్లీ మళ్లీ నాకెందుకు చెప్తావమ్మా, కాలిన కాలు నాది కాదు కదా' అన్నారు."

బాబాయి నవ్వాపుకోలేకపోయాడు. నవ్వయ్యాక మొహం గట్టిపడింది. "నిన్ను కొలిమి దగ్గరికి రానివ్వడు తిల్డా. మా అన్న సంగతి నీకు తెలీదా?"

"రానివ్వకపోతే మానె."

"మానె? మూడేళ్లు నేనిక్కడ మైనం గోకింది నువ్వు 'మానె' అనడానికా? నీ చేతిపని చూడ్డానికి ఎక్కడెక్కడి చర్చిలకో బస్సెక్కి వెళ్లొస్తాను నేను. ఆ సెయింట్ బార్బరా బొమ్మ మెడ మీద మడతలు ఎవరు చెక్కారనుకుంటున్నావు? వానలో రెండు బస్సులు మారి వెళ్లాను. అది పాడు చెయ్యకు." మళ్లీ చాకు అందుకున్నాడు. "నాకేం బాధ లేదిక్కడ. కొవ్వొత్తులు పేలవు."

బస్సుల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అక్కడే మెట్ల మీద కూర్చుని బావురుమన్నాను. నాకోసం ఒక మనిషి తన అన్ననీ, తన విద్యనీ వదులుకుని, వదులుకున్నట్టు కూడా కనబడకుండా నేల తుడుస్తున్నాడు. దానికి నేను ఇచ్చింది వారానికో డబ్బా సూపు, అదీ అమ్మ వండింది.

"ఏడవకు," అన్నాడు బాబాయి. "ఇప్పుడే తుడిచాను నేల."

*

మంగళవారం అచ్చుని గొలుసుతో ఎత్తి గోతిలో దించాం. చుట్టూ మట్టి పోసి దిమ్మిసలతో గట్టిగా కొట్టాలి. వదులుగా ఉంటే కంచు బరువుకి అచ్చు విచ్చుకుంటుంది. ఒకప్పుడు అది నాన్నా బాబాయీ చేసే పని. మూడేళ్లుగా నాన్నా నేనూ చేస్తున్నాం. ఇద్దరం గోతిలో దిగి, అచ్చుకి చెరోవైపు నిలబడి కొడుతున్నాం. ఆయన మొహం నాకు కనబడదు, నాది ఆయనకి కనబడదు. అందుకే ధైర్యం వచ్చిందేమో.

"నాన్నా, గరిటె ముంచింది నేను."

ఆయన దిమ్మిస పడింది. "ఏ గరిటె?"

"ఆ రోజుది. చల్ల గరిటె. బాబాయి కాదు. బాబాయి నా చేతిలోంచి లాక్కున్నాడు."

దిమ్మిస చప్పుడు ఆగింది. పైన ఆర్నో ఏదో ఈల వేస్తున్నాడు. తర్వాత మళ్లీ పడింది, ఇంకోసారి పడింది.

"నీవైపు మూల వదులుగా ఉంది," అన్నాడు నాన్న. "అక్కడ కొట్టు."

కొట్టాను.  గొయ్యి నిండాక ఆయన నిచ్చెనెక్కి, చేతులు కూడా కడుక్కోకుండా టోపీ పెట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

అమ్మ గుమ్మంలోకొచ్చింది. "ఆ మట్టికాళ్లతో ఎక్కడికా మనిషి?"

"తెలీదమ్మా."

"ఏమన్నావే?"

చెప్పాను. అమ్మ దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నాను. పైటలా కప్పుకున్న శాలువా కొసతో నా మొహం మీది మట్టి తుడిచి, "బంగాళాదుంపలు చెక్కు తీద్దువుగాని రా" అంది. ఆవిడకి ముందే తెలుసా అని ఎన్నోసార్లు అడగాలనుకున్నాను, అడగలేదు. తెలిసే ఉంటుంది.

నాన్న దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. రెండు బంగాళాదుంప అట్లు తిన్నాడు, మూడోది వద్దన్నాడు.  రేపటి నుంచి నా స్థానం ఎక్కడో ఆయన చెబుతాడని ఎదురుచూశాను. ఆయన వెళ్లి పడుకున్నాడు.

చర్చిలో ఏం జరిగిందో బాబాయి తర్వాత చెప్పాడు. నాన్న వెళ్లి ముందు బెంచీలో కూర్చుని, బాబాయి పని చేస్తుంటే అరగంట చూశాడట.

"మూడేళ్లు అబద్ధం చెప్పావు," అన్నాడట చివరికి.

"చెప్పాను."

"దేవుడి ఇంట్లో కూర్చుని."

"కాదు. చెప్పింది ఆస్పత్రిలో."

నాన్నకి నవ్వు రాలేదట. లేచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే, "రేపు ఏడింటికి. చేతితొడుగులు నీవే తెచ్చుకో, షెడ్డులో ఉన్నవి ఆర్నో కాల్చుకున్నాడు" అన్నాడట. 

*

బుధవారం పొద్దున్నే నేను ఆరింటికే గరిటె కొలిమి అంచున పెట్టేశాను. ఎవరు వాడతారో తెలియకపోయినా పెట్టాను. ఏడింటికి బాబాయి వచ్చాడు. మూడేళ్ల తర్వాత ఆ వాకిట్లో అడుగుపెట్టి, షెడ్డు గోడ మీది కొత్త సున్నం చూసి, "రంగు బాలేదు" అన్నాడు. "నిన్నెవరడిగారు?" అన్నాడు నాన్న. వాళ్ల పలకరింపులు అంతే.

మార్క్వార్ట్ గారు ఒక మూల కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్లో నొక్కి పెట్టుకున్నారు. పదిన్నరకి కంచు కరిగింది. మూసని పట్టకారుతో పైకి లాగి కడ్డీ వలయంలో నిలబెట్టారు. తెట్టు తియ్యాలి. ఆర్నో గరిటె కోసం చెయ్యి చాపాడు.

"నువ్వు గొలుసు దగ్గరుండు," అన్నాడు నాన్న. "తిల్డా, రా."

 తోలు తొడుగు వేసుకుని గరిటె అందుకున్నాను.

"కాలిందా?" అని అడిగాడు నాన్న.

"కాలింది నాన్నా. ఆరింటి నుంచి ఉంది."

ముంచాను. కంచు కిక్కురుమనలేదు. తెట్టు అంచుకి లాగి తీసేశాను. కింద కంచు కోడిగుడ్డు సొనలా నిండుగా మెరిసింది. తర్వాత ఇద్దరూ కడ్డీ ఎత్తారు. పోత అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, అది మా పద్ధతి.

మొదటి రెండడుగులకి నా ప్రాణం పోయింది. నాన్న కుంటడం మొదలయ్యాక బాబాయి ఆయనతో ఎప్పుడూ మూస మోయలేదు. ఆయన గుర్తులో ఉన్నది మూడేళ్ల కిందటి నడక. మూస ఎడమకి ఊగింది, అంచు దాకా కంచు వచ్చి వెనక్కి జారింది. మార్క్వార్ట్ గారు కళ్లు మూసుకున్నారు. మూడో అడుగు దగ్గర బాబాయి ఒక్క క్షణం నాన్న కాలు చూశాడు. నాలుగో అడుగు నుంచి తనూ కుంటడం మొదలుపెట్టాడు. నాన్న కుడికాలు ఈడిస్తే తనూ కుడికాలు ఈడ్చాడు, నాన్న భుజం దిగితే తన భుజమూ దించాడు. మూస ఊగడం మానేసింది. నిప్పులాంటి కంచుని మధ్యలో పెట్టుకుని అన్నదమ్ములిద్దరూ ఒకేలా కుంటుకుంటూ ఇరవై అడుగులూ నడిచారు. నా కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ధార తెగలేదు. కంచు అచ్చులోకి దిగి దిగి, గాలి దారుల్లోంచి ఒకటి, రెండు, మూడు చోట్ల ఎర్రగా పైకి తేలింది. నాలుగోది రాలేదు. అందరం ఆ నాలుగో రంధ్రం వైపే చూశాం. అదీ తేలింది.

"చాలు," అన్నాడు నాన్న. అప్పటికి మాట్లాడొచ్చు కాబట్టి బాబాయి, "మూడో అడుగు నీదే తప్పు" అన్నాడు. తపస్కాలమైనా సరే, అమ్మ సారా సీసా తెచ్చి అందరికీ తలా ఒక గుక్క పోసింది. మార్క్వార్ట్ గారికి రెండు గుక్కలు పోసింది.

*

ఆ బొమ్మ ఇప్పటికీ పక్క ఊరి చర్చిలో ఎడమ గోడ దగ్గర ఉంది. ఆ ఏడాది పవిత్ర గురువారం నాటికి చేరవేశాం. జనం వచ్చి పోతూ ముట్టుకుని ముట్టుకుని పేతురు బొటనవేలిని బంగారంలా చేసేశారు. ఆ పాదం మీది ముడతలు చూసి కొందరు, పోత సరిగ్గా కుదరలేదనుకుంటారు. నేను పక్కనే ఉన్నా సరిదిద్దను. ఆ చర్చికి వెళ్లినప్పుడల్లా నేను ప్రార్థన అంటూ పెద్దగా ఏమీ చెయ్యను, మా ఇంట్లో వాళ్లందరికీ ఒక దండం పెట్టుకుని వచ్చేస్తాను.

పోత పోసిన ఆ వారమే, శుక్రవారం అచ్చు పగలగొట్టాం. ఇద్దరూ నిండుగా వచ్చారు. ప్రభువు వేళ్లు పదీ ఉన్నాయి, పేతురు మొహంలో ఆ మొహమాటం కూడా ఉంది. శనివారం పొద్దున్న మార్క్వార్ట్ గారు వచ్చి, బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, నాన్న వైపు చూశారు.

"రెన్సింగ్ గారూ, ప్రభువు చేతులు చాపుకుని నెల కావొస్తోంది. పాపం నొప్పులు పుట్టవూ?"

నాన్న గడ్డం గీరుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. "వెండెల్, ఆర్నోని తీసుకుని బయటికి పో. మీ వదినకి చెప్పి వేడినీళ్లు పంపించు."

వాళ్లతో పాటు నేనూ కదిలాను.

"నువ్వెక్కడికి?" అన్నాడు. "నువ్వుండు."

ఆ పాదాన్ని నేను అప్పటిదాకా చూడలేదు. ఆస్పత్రిలో కట్టు ఉండేది, ఇంట్లో మేజోడు ఉండేది. వేసవిలో నది ఒడ్డుకి వెళ్లినా నాన్న బూటు విప్పేవాడు కాదు. ఇప్పుడు పీట మీద కూర్చుని తాడు విప్పాడు, మేజోడు లాగాడు. చిటికెనవేలూ దాని పక్కదీ కలిసిపోయి ఉన్నాయి. మీగాలి మీద చర్మం కారిన కొవ్వొత్తిలా ముడతలు ముడతలుగా గట్టిపడి ఉంది. చీలమండ దగ్గర ఒక గుంట ఉంది, నా బొటనవేలు పట్టేంత.

"ఇంతే," అన్నాడు నాన్న. "చలికాలం లాగుతుంది. మిగతా రోజుల్లో గుర్తే ఉండదు."

వేడినీళ్లు వచ్చాయి. ఆ పాదం నిండా అచ్చు మట్టీ ఇటుకపొడీ. నేను కింద కూర్చుని పట్టుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వొద్దు. నేను కడుక్కుంటాను."

"నీకు నడుము వంగదు నాన్నా."

"వంగకపోతే మట్టితోనే చేసుకుంటారు ఆవిడ. నువ్వు దీన్ని ముట్టుకోవద్దు."

మార్క్వార్ట్ గారు మైనం ముద్ద అరచేతుల్లో మెత్తబరుస్తూ, "ఈ మొహం నాకు బాగా తెలుసు," అన్నారు. "దీన్ని చెయ్యడానికి నాకు ఆరు వారాలు పట్టింది. పిల్లని కడగనివ్వండి."

నాన్న కాసేపు గింజుకుని, కాలు నీళ్లలో పెట్టాడు. నేను కడిగాను.  క్షమించమని అడగాలని ఎన్ని రోజులుగా కూడబలుక్కున్నానో, ఆ మాటలన్నీ ఎటో పోయాయి.

"మా నాన్న నాకు నేర్పిన మొదటి పని ఏంటో తెలుసా?" అన్నాడు నాన్న, నా తల మీదుగా ఎటో చూస్తూ. "గరిటె ఎవరి చేతిలో ఉన్నా సరే, ముంచే ముందు 'కాలిందా' అని అడగడం. అడగాల్సింది పోత పోసే పెద్దవాడు. ఆ రోజు నేను అడగలేదు."

నేను తలెత్తాను.

"అడగలేదని నాకు ఆస్పత్రికి వెళ్లేదారిలోనే తెలుసు. ముంచింది వెండెల్ అనుకున్నా, నువ్వు అనుకున్నా, అడగనివాణ్ణి నేనే కదా. వాడి మీద అరిస్తే ఆ మాట నాకు వినబడేది కాదు. అందుకే మూడేళ్లు అరిచాను." నీళ్లలో కాలు కదిపాడు. "నువ్వేమో నాకంటే ముందు చెప్పేశావు."

నేను రెండు చేతులతో ఆ పాదాన్ని నీళ్లలోంచి పైకెత్తాను. నీళ్లు మీగాలి మీది ముడతల్లోంచి దారులు చేసుకుంటూ కారాయి. తువ్వాలు కోసం ఒక చెయ్యి తియ్యబోయాను.

"తుడవకు," అన్నారు మార్క్వార్ట్ గారు. ఆవిడ చేతులు అప్పుడు వణకడం లేదు. "దించకు కూడా. సరిగ్గా అలాగే పట్టుకో అమ్మా."

పట్టుకున్నాను.